పిట్ట కూతకి ముందు

వద్దంటే వినరేంటండీ మీరు! ఇక రోజూ ఇలా క్యారేజీలు మోసుకొస్తానంటే నేను ఉద్యోగం మానేసి మా జంగారెడ్డిగూడెం బస్సెక్కేస్తాను, చెప్తున్నాను. అసలే మోకాళ్ళ నొప్పులంటారు. ఆ రొయ్యల చెరువుల గట్లంట అంత దూరం నడక, పైగా చేతిలో బరువు! నేను సరిగ్గా తినట్లేదని ఎవరు చెప్పారండీ మీకు? బుల్లియ్య గారా? ఆయన్ని పడవ నడపమంటే ఊరంతటికీ వార్తలు నడుపుతున్నారా?

సరే, కూర్చోండి సంపూర్ణమ్మ గారూ. ఆ స్టూలు కాదు, దానికో కాలు ఊగుతుంది. ఇదిగో, ఈ మంచం మీద...

ఓ. మర్చిపోయాను. ఈ మంచం మీద పోయినేడు ఎవరు పడుకునేవారో నేను మీకు చెప్పాలా? పోనీ, నిలబడండమ్మా. మీ ఇష్టం.

గోంగూర రొయ్యలా? వాసన అదిరిపోతోంది. గిన్నె మీద పేరు చెక్కించారు. ఫిన్నీ.

అబ్బే, ఏం లేదండి, ఊరికే చదివాను. ఈ క్యాంపులో ఎటు తిరిగినా మీ అబ్బాయి పేరే కదా. లైఫ్ జాకెట్ మీద, టార్చి మీద, వల సంచి మీద. అలవాటైపోయింది.

మూత పెట్టెయ్యండమ్మా. ఇప్పుడే తినను. ముందు మీకో మాట చెప్పాలి. అది విన్నాక కూడా గిన్నె ఇక్కడే వదిలి వెళ్తానంటే, అప్పుడు తింటాను.

నా సంగతి మీకు తెలుసు కదా. ఆయిల్ పామ్ తోటల్లో పుట్టినవాణ్ణి. రాజమండ్రిలో బస్సు మారి ఇటు వచ్చేదాకా పోటంటే ఏంటో, పాటంటే ఏంటో తెలీదు. నీళ్ళు వాటంతటవే ఎక్కుతాయి, దిగుతాయి అంటే, మోటారు ఎక్కడ పెట్టారండీ అని అడిగిన రకం! బుల్లియ్య గారు ఇప్పటికీ అది చెప్పి నవ్వుతారు. ఉద్యోగమా, పిట్టల్ని వలలో పట్టి, కాలికి రింగు తొడిగి వదిలెయ్యడం, నాలుగు నెలలది. చలికాలానికి పిట్టలు ఏరు సముద్రంలో కలిసే ఈ మొగ దగ్గర దిగుతాయి. ఎండలు ముదిరేసరికి లేచిపోతాయి. అవి లేస్తే మేమూ లేస్తాం.

వచ్చిన రోజే జగన్నాథరావు సారు మూల నుంచి బురద బూట్లు తీసి ఇచ్చారు. కాలికి పట్టినట్టు సరిపోయాయి. ఎవరివి సార్ అన్నాను. పోయిన సీజను కుర్రాడివి అన్నారు. మానేశాడా సార్ అంటే, సైంటిస్టు గారు, అంత మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

బుల్లియ్య గారే చెప్పారు తర్వాత. వలలో పిట్టలుండగానే పోటు ముంచుకొచ్చిందని. వాటిని అలా వదిలేసి రాలేక మీవాడు బురదలోకి వెనక్కి నడిచాడని. పిట్టలన్నిటినీ విప్పి వదిలేశాడట కదండీ. వల ఖాళీగా దొరికిందట.

క్షమించండి. మీకు తెలియంది చెప్తున్నట్టు మాట్లాడుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. సాయంత్రం వలలు కట్టాక స్పీకర్లో పిట్ట కూత పెడతాం కదా, పైన పోయేవి విని దిగడానికి. ఆ కూతలన్నీ మీవాడు రికార్డు చేసినవే. రికార్డు చేసేవాళ్ళకో పద్ధతుంది. కూతకి ముందు నోటితో చెప్పాలి. ఏ చోటు, ఏ వేళ, ఏ పిట్ట, ఎవరు రికార్డు చేశారు. అది నాకన్నా మీకే బాగా వచ్చు.

"ఆ... మొగ దగ్గర మడ. సాయంత్రం, పోటు మీద. ఉల్లంకి. రికార్డు చేసినది ఫిన్నీ."

మొదట్లో ఆ "ఆ" ఏంటో నాకు అర్థమయ్యేది కాదు. ఎవరో పిలిస్తే లోపలి గదిలోంచి పలికినట్టు.

మరి నేనేమో చురుకైనవాణ్ణాయె! ఒకరు చెప్పకముందే పని చేసేసి శభాష్ అనిపించుకోవాలి. లెక్కేశాను. మాటకి ఏడు సెకన్లు, కూతకి ముప్పై అయిదు. అదే తిరిగి తిరిగి మోగుతుంటే గంటలో పది నిమిషాలు మనిషి గొంతే. పిట్టలు బెదిరిపోవూ? మర్నాడే కూర్చుని ప్రతి ఫైల్లోనూ ఆ ముందు మాట కోసేశాను. అదే పేరుతో సేవ్ చేశాను. పాతవాటి మీద పడి వాటిని చెరిపేశాయి. ఇంకెక్కడా లేవండి. వెతకని చోటు లేదు.

పైగా ఆ లెక్క తీసుకెళ్ళి సారుకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, లెక్క కరెక్టే అన్నారు.

నాకు ఎవరో ఒకరు చెప్పాలి కదండీ? బుల్లియ్య గారు చెప్తారులే అని సారు, సారు చెప్పే ఉంటారు అని బుల్లియ్య గారు! సాయంత్రమైతే ఒక తల్లి గట్టు మీదికొచ్చి "ఒరే ఫిన్నీ" అని పిలుస్తుందని, నీళ్ళ మీంచి స్పీకర్లో "ఆ" అని వినపడ్డాకే ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకుని అన్నం ముట్టుకుంటుందని నాకు ఎవరండీ చెప్పింది?

ఆ సాయంత్రం స్పీకరు పెట్టాను. మీవాడి మాట వచ్చేటప్పుడు బుల్లియ్య గారు మోటారు ఆపేస్తారట. అలాగే ఆపారు. సరాసరి పిట్ట కూసింది. ఆయన నా వైపు తిరిగి, "మాటేదండీ?" అన్నారు.

కోసేశానండి, అన్నాను. నవ్వుతూ అన్నాను సంపూర్ణమ్మ గారూ.

అప్పుడు వినపడింది మీ పిలుపు. మళ్ళీ వినపడింది. చీకటి పడేదాకా వినపడుతూనే ఉంది.

ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. ఎక్కువ పడతాయని లెక్కేశానా, వలలు ఊరికే గాలికి ఊగాయి. మీరు పిలుస్తారు, ఎవరూ పలకరు. నాకు ముద్ద దిగేది కాదు. బూట్లు శుభ్రంగా ఆరబెట్టి పడుకుంటే తెల్లారేసరికి తడిగా ఉండేవి. మంచు పడుతుందిలెండి ఇక్కడ. మంచే.

ఇక నిన్న. నిన్న మీరు వచ్చారు గానీ పిలవలేదు. ఊరికే నిలబడ్డారు. ఆ నిలబడటం చూడలేకపోయాను నేను. ఆఖరికి ఎప్పుడో, చిన్నగా, ఒక్కసారి పిలిచారు. ఇంక రేపట్నుంచి రారు అనిపించింది ఆ పిలుపు వింటే. మా స్పీకరుకి మైకు కూడా ఉంటుంది, కూరగాయల బళ్ళ మీద ఉంటుందే, అలాంటిది. అది చేతికి తగిలింది.

నిన్న పలికింది మీవాడు కాదమ్మా. నేను.

తిట్టండి. చెంప మీద కొట్టండి. ఆ గిన్నె తీసుకుని...

ఏంటమ్మా?

తెలుసా మీకు?

మొదటి "ఆ"కే తెలుసా? వాడైతే విసుక్కుంటూ పలుకుతాడా? నేను భయపడుతూ పలికానా?

మరి ఈ రొయ్యలెవరికండీ? తెలిసి తెలిసి ఎందుకు తెచ్చారు?

పలికినవాడికా.

ఇవాళా పలకమంటారా?

పలుకుతానమ్మా. అదేం పెద్ద పనండీ. కానీ ఒకటి మీకు మాత్రమే చెప్తున్నాను, సారుకి తెలిస్తే ఇంటికి పంపేస్తారు. కోసేటప్పుడు ఒక్కో ఫైలూ పదేపదే విన్నాను కదా. ఆ గొంతు ఫైళ్ళలోంచి పోయింది. ఎటు పోయిందో నాకు తెలుసు. నిన్న మీవాడిలా మాట్లాడదామని నేనేం ప్రయత్నం చెయ్యలేదు. నోరు తెరిచానంతే, ఆ ముందు మాటంతా దానంతటదే వచ్చేసింది. "రికార్డు చేసినది" అన్నాక నా పేరు నాకు గుర్తు రాలేదు. ఇంకా విచిత్రం, నిన్న వల నిండింది. సారు పున్నమి పోటు వల్ల అన్నారు. నేనూ అదే రాశాను.

పొద్దున్న మా అమ్మ ఫోన్ చేసింది. "ఒరే హరీ" అంది. "ఆ" అన్నాను.

"ఎవరండీ మాట్లాడేది?" అంది.

మా అమ్మండి. నన్ను "అండీ" అంది.

అదిగో, బుల్లియ్య గారు మోటారు తిప్పుతున్నారు. వెళ్ళాలి, పోటెక్కుతోంది. మీరు మరీ చివరిదాకా రాకండి, గట్టు జారుతుంది. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడండి. గట్టిగా పిలవండి.

సిగ్నల్ సరిగ్గా ఉండదులెండి ఇక్కడ. అదే అయ్యుంటుంది.