త్రికోణం కోసం పుత్తూరు దాకా

తిరుమల క్యూలో కంపార్ట్‌మెంటు తలుపుకు బయటినుంచి తాళం పడి చాలాసేపైంది. ఫోన్లు కింద కౌంటరులో ఉన్నాయి. కూతురు నందిని తప్పించుకుపోలేని చోటు చూసుకునే, వడమాలపేట చంద్రకాంతమ్మ ఆ మాట ఎత్తింది.

"అది కాదమ్మే, పుత్తూరు ఫొటో స్టూడియోకి రోజూ ఎందుకు పోతా ఉండావు? అది సెప్పు ముందు."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఆడ ఆపిల్ కంప్యూటర్ ఉండాది."

"మనింట్లో ఉండేది కంప్యూటర్ కాదా?"

"అది వేరే రకం. నేను రాసేది తెరమీద బొమ్మలు గీసే ప్రోగ్రాం. ఓపెన్ సోర్స్ అంటారు, ఎవురైనా ఊరికే వాడుకోవచ్చు. అందుకే అన్నిరకాల కంప్యూటర్లలోనూ ఒకే మాదిరి గీయాల."

"ఏం బొమ్మ?"

"త్రికోణం."

"మూడు గీతలకా ఇన్నాళ్ళు తిరిగినావు?"

"ఈ పని నేర్చుకునేవాళ్ళు ఎవురైనా మొదట గీసేది త్రికోణమే. మన దాంట్లో నిటారుగా వచ్చింది, ఆపిల్‌లో తలకిందులుగా వచ్చింది. తప్పు నాదే. నిన్న దిద్దినాను. రేపు ఆడ ఒకసారి నడిపి చూసి పంపితే తీసుకుంటారు. ఇంగ ఆపిల్ పనంతా నాకే అప్పజెప్తామన్నారు."

"ఎవురు?"

"ఆ ప్రాజెక్టువాళ్ళు. ఒకాయన బ్రెజిల్‌లో ఉంటాడు, ఇంకొకామె..."

"వాళ్ళ మొగం సూసినావా?"

"లేదు."

"స్టూడియో బాలచంద్ర మొగం సూసినావు గదా?"

"నేను చూసింది స్క్రీన్."

"నా కాడ దాపరికం ఎందుకు మే? బస్టాండులో పూలమ్మే నాగులమ్మ అంతా సెప్పింది. ఆయప్ప ఫ్యాను నీ తట్టుకు తిప్పుతాడంట."

"కంప్యూటర్ వేడెక్కుతాదని తిప్పినాడు."

"టీ తెప్పించేది కూడా కంప్యూటర్‌కేనా?"

"...అమ్మా, తలుపు ఎప్పుడు తీస్తారు?"

"తీస్తారులే. యాడికి పోతావు? మీ నాయనకు ముందు కోపమొచ్చింది. నేనే నచ్చజెప్పినాను, బిడ్డ ఇష్టం గొప్పదా ఊరి మాట గొప్పదా అని."

"నా ఇష్టమా? ఏం ఇష్టం?"

"మనోళ్ళే గదా. మంచి పిల్లోడు."

"అమ్మా, నా మాట విను. నాకు కావాల్సింది ఆ మిషను. ఆ మనిషి కాదు."

"నేనూ అట్లే అన్నాను. మీ నాయన సినిమాహాల్లో టికెట్లు సింపేవాడు. నేను ఒకే సినిమాకు మళ్ళీ మళ్ళీ పోతా ఉంటే, పాటలు బాగుండాయని మా అమ్మకు సెప్పినాను. నాకు తెలీదా ఈ సాకులు?"

"నాది సాకు కాదమ్మా. నిజంగా త్రికోణమే."

"సరే, త్రికోణమే. గమ్మునుండు, జనం సూస్తా ఉండారు."

"ఆ బాలచంద్రతో పెళ్ళి మాట మాట్లాడినారా?"

"మొన్ననే. ఒప్పుకున్నాడు. శానా సంతోషపడినాడు పాపం. ఇప్పుడు దేవుడికి సెప్పుకుందామనే నిన్ను నడిపించుకోనొచ్చింది."

"నన్నొక్క మాట అడగలేదే."

"నీ కోసమే గదమ్మే ఇదంతా."

"...అయితే ఒకటి చెప్పు. నేను సరే అంటే, ఆ కంప్యూటర్ మీద నా పని నన్ను చేసుకోనిస్తాడా?"

"ఆయప్ప అడిగింది ఒకటే. రేపట్నుంచి నువ్వు స్టూడియోలో కాలు పెట్టకూడదంట, పెళ్ళయినాక కూడా. జనం నోళ్ళు మంచివి కావు గదా. సరేనని మాటిచ్చేసినాను. మనిషే నీవాడైనాక, ఇంగ ఆ స్టూడియోతో నీకేం పని?"