విశ్వేశ్వరరావు గారి పడమటి కిటికీలు

శనివారం భజన ముగిసి, పులిహోర ప్రసాదం పంచాక, సింగపూర్ సెంబవాంగ్‌లోని ఆ ఫ్లాట్ల బ్లాకు కింద రాతిబల్ల చుట్టూ నలుగురు చేరితే చాలు, విశ్వేశ్వరరావుకి మాటే భోజనం. ఆ రోజు ఆయనకి పని కూడా ఉంది. కార్తీకమాసపు భజన ఎవరింట్లోనో భజన బృందానికి పెద్దదిక్కైన చెన్నమ్మక్క అక్కడే తేలుస్తుంది. విశ్వేశ్వరరావు ఫ్లాటుకి పడమటి ఎండ. అక్కడ పాడితే చెమటకి మృదంగం ఒళ్ళోంచి జారిపోతుందని రెండేళ్ళుగా ఆయన ఇంటిని దాటేస్తున్నారు. తన గుమ్మంలో స్వామి నామం వినపడలేదన్న దిగులు ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

"కిటికీలు, బాల్కనీ తలుపు మార్పించానక్కా," అని మెల్లగా మొదలెట్టాడు. "అల్యూమినియంవే."

"అల్యూమినియం ఇంకా కాలుతుంది లా, అంకుల్!" అన్నాడు ఇక్కడే పుట్టి పెరిగి, మాట చివర సింగపూర్ వాళ్ళలా 'లా' తగిలించే నవనీత్.

"అక్కడే ఉంది కిటుకు! కుక్కర్ కాలుతుంది, దాని పిడి కాలుతుందా? ఆ నల్ల పిడి వేడిని చేతిదాకా రానివ్వదు. ఇదీ అంతే. బయటి ఫ్రేము వేరు, లోపలి ఫ్రేము వేరు, నడుమ గట్టి ప్లాస్టిక్ పట్టీ. బయట అట్లపెనంలా మండుతున్నా లోపల చెయ్యేస్తే హాయిగా ఉంటుంది. అద్దమూ రెండు పొరలు. ఏసీ కాసేపు వేసి ఆపేసినా చల్లదనం తొందరగా పోదు."

ఇంతవరకూ నిజమే. కానీ ఇక్కడ ఆగితే ఆయన విశ్వేశ్వరరావు ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా కరెంటు బిల్లు చూసి, మీటరు చచ్చిపోయిందనుకుని ఇద్దరు మనుషులొచ్చారు. సోఫాలో కూర్చున్నారు, ఇక లేస్తేనా! మా ఆవిడ తారాదేవి కాఫీలిచ్చి బతిమాలి పంపింది. ఆ మర్నాటికి దీపంలో కొబ్బరినూనె గడ్డకట్టింది. సింగపూర్‌లో! స్వామికి శాలువా కప్పి, నేను మంకీ టోపీ పెట్టుకుని సహస్రనామం చదువుతుంటే, నామానికో పొగ వచ్చింది నోట్లోంచి."

"అగరొత్తుల పొగేమో!" అన్నాడు నవనీత్.

"నువ్వాగరా. పక్కింటి మలయ్ ఆవిడ ఫ్రిజ్ పాడైందని చేపల బుట్టతో వచ్చింది, మీ హాల్లో పెట్టుకోనా అని. పూజగది ఉందమ్మా అని దణ్ణం పెట్టి పంపేశాను. అసలైంది విను. మొన్న మధ్యాహ్నం సాక్షాత్తూ సూర్యభగవానుడే అద్దం దగ్గరికొచ్చి, 'నాయనా, ఇన్నేళ్ళూ అడక్కుండా వచ్చేవాణ్ణి, ఇప్పుడు దారేది?' అన్నాడు. చేతులు జోడించి, 'తండ్రీ, నీ ఇల్లే, వెలుగుతో రా. వేడిని మాత్రం చెప్పుల్లా బయట విడిచి రా' అన్నాను. విడిచాడక్కా! పొద్దుగూకాక మళ్ళీ వేసుకుని వెళ్ళాడు!"

అందరూ పకపకా నవ్వారు. చెన్నమ్మక్క మాత్రం టీ కప్పు దించింది.

"తమ్ముడూ, నిన్న దీపాల వేళ గుత్తొంకాయ కూర ఇద్దామని మీ ఇంటికొచ్చాను. కిటికీలు బార్లా, వీధి తలుపు బార్లా. నువ్వు నెత్తిన తడితువ్వాలేసుకుని గుమ్మంలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నావు. ఆ ఆయాసంలో పిలిచినా పలకలేదు."

 పక్కనున్న తారాదేవే అందుకుంది.

"నేనే తీస్తాను అక్కయ్యా. సంజెదీపం పెట్టేటప్పుడు తలుపులు బిగించేస్తే లక్ష్మీదేవి వచ్చి బెల్లు కొడుతుందా? ఈయన పగలంతా దాచిన చల్లదనం అరగంటలో లిఫ్టు దాకా వెళ్ళిపోతుంది."

భజన కూడా సరిగ్గా ఆ వేళకే. ఈ ఏడూ పోయిందనుకుని ఆయన తల వంచుకున్నాడు.

చెన్నమ్మక్క ఆ వంచిన తల వైపు చూసింది. "నాలుగింటికి మొదలుపెట్టి దీపాల వేళకి ముందే హారతి ఇచ్చేద్దాం. ఎండ మీ అద్దాల మీదే ఉంటుంది, ఆ పట్టీ పనితనమూ చూస్తాం. తర్వాత తార అమ్మవారికి తలుపు తీసుకుంటుంది. కార్తీకం మీ ఇంట్లోనే. ఒక్క షరతు. భజనకొచ్చిన వాళ్ళకి నువ్వు కిటికీల కథ చెప్పకూడదు."

పందిరంత పూల అలంకారం చెయ్యమన్నా క్షణంలో ఒప్పుకునేవాడు. దీనికి మాత్రం బేరానికి దిగాడు.

"ప్రసాదం పంచేటప్పుడు ఓ ముక్క చెప్పుకోవచ్చుగా అక్కా?"