మూల పొలంలో తుంగ

(నెదర్లాండ్స్‌లో ద్రెంత ప్రాంతం. సెప్టెంబరు చివర, ఉదయం కాఫీ వేళ. కోబా వంటింట్లో ఆమె, పక్క పొలం రూలోఫ్.)

"చెప్పేశానంటే? ఎవరికి చెప్పేశావు రూలోఫ్?"

"తనిఖీవాళ్ళకి. నిన్న ఫోన్ చేశా. మధ్యాహ్నం వస్తారు. నామీద కోపం పెట్టుకోకు కోబా, చట్టం అలా ఉంది. ఆ తుంగ కనబడితే చెప్పి తీరాలి."

"తుంగా? నా పొలంలోనా?"

"కాలవ పక్క మూలలో, పోప్లార్ చెట్ల కింద. ఆదివారం నా కుక్క అటు పరిగెత్తితే వెనకాలే వెళ్ళా. మొన్న బంగాళాదుంపలు తవ్వగా మిగిలిన అంచున గుబురుగా ఉంది. కాడ వేళ్ళ మధ్య తిప్పి చూశా, మూడు అంచులు. పీకితే వేళ్ళకి గడ్డలు, శనగగింజలంత."

"మామూలు గడ్డి అనుకున్నానే."

"అనుకుంటావు మరి. సముద్రం ఒడ్డు నుంచి వచ్చినదానివి, మా మట్టి సంగతి నీకేం తెలుస్తుంది?"

"పెళ్ళయి ఈ ఊరొచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. ఇంకా బయటిదాన్నేనా?"

"ఎన్నేళ్ళయినా బయటిది బయటిదే. ఆ తుంగా అంతే. లిల్లీ గడ్డల మట్టితో ఎక్కడినుంచో వచ్చి పడింది."

"ఎగ్బెర్ట్ తన మొక్కల పుస్తకం చూసి చెప్పేవాడు. బయటినుంచి వచ్చిన తుంగైనా సరే, ఎవరూ నాటకుండా తనంతట తాను ఏళ్ళతరబడి బతికి పిలకలు వేస్తే ఇక్కడి మొక్కల్లో కలిపి రాసేస్తారట. యూరప్ నిండా అలా స్థిరపడ్డ తుంగలు బోలెడున్నాయట. మీ ఊరికంటే ఆ పుస్తకమే నయం."

"నీ మొగుడికి దుంపలకంటే కలుపు మీదే ప్రేమ. అందుకే అలా ఉండిపోయాడు, పాపం."

"పోయినవాణ్ణి వదిలెయ్. ఇప్పుడు నాకేమవుతుంది, అది చెప్పు."

"ఏమవుతుందా? ఆ పొలంలో ఇక దుంపలు వద్దంటారు. చక్కెర బీట్ వద్దంటారు. లిల్లీ గడ్డలకి నేల కౌలుకి తీసుకునే కంపెనీవాళ్ళు ఆ పేరు వింటే నీ గుమ్మం వైపు కూడా చూడరు. ఏళ్ళు పడుతుంది ఆ పీడ వదలడానికి. చక్రానికి అంటినంత మట్టి చాలు, ఇంకోచోట మొలుస్తుంది."

"అయితే నేనెలా బతకాలి?"

"అందుకే కదా నేనొచ్చింది. అమ్మెయ్. తుంగ పట్టిన నేలకి ఎవడూ రాడు. నేనొస్తా. ధర తక్కువే అనుకో, కానీ రొక్కం. నువ్వు మీ సముద్రం ఒడ్డుకి పోయి మీ అక్క పక్కన హాయిగా కూర్చో."

"అంటే నా ఇల్లు కూల్చి, నాకే కర్ర ముక్క ఇస్తానంటున్నావు."

"అదుగో, అప్పుడే ఏడుపా? పొరుగువాణ్ణి కాబట్టి ముందే వచ్చి చెప్తున్నా. ఇంకొకడైతే చెప్పేవాడా?"

"ఏడవడం లేదు. కాఫీ పోస్తున్నా. ఇదిగో, బిస్కెట్ తీసుకో."

"తీసుకున్నాగా ఒకటి."

"రెండోది తీసుకో."

"ఈ ఇంట్లో రెండో బిస్కెట్టా! నీకు ఒంట్లో బానే ఉందా కోబా?"

"బానే ఉంది. ఫోన్లో వాళ్ళేం అడిగారు?"

"ఎక్కడ, ఎంత మేర, అంతే. ఆ... దుంపలు ఎవరు తవ్వుతారని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఉన్నదే చెప్పా. నేనే తవ్వుతాను, విధవరాలు, పొరుగు ధర్మం, ఏటా నా యంత్రంతోనే అని. ఏం, మెచ్చుకున్నారు కూడా."

"మెచ్చుకున్నారా, రాసుకున్నారా?"

"రాసుకున్నారు. ఏం?"

"నా పొలం తవ్వాక యంత్రం ఎక్కడికి పోయింది రూలోఫ్?"

"ఎక్కడికి పోతుంది, మా పెద్ద పొలానికి. విత్తన దుంపలకి... ఆగు."

"ఆగాను."

"యంత్రం కడిగాను."

"ఎక్కడ?"

"కడిగే చోటే. ఎప్పుడూ అక్కడేగా."

"ఆ రోజు నల్లమబ్బు పట్టింది. నేను ఈ కిటికీ దగ్గరే ఉన్నా. బేరెంద్ 'నాన్నా, కడిగి పోదాం' అని అరిచాడు. నువ్వు 'వాన వస్తోందిరా, మట్టి మట్టే' అన్నావు. కాలవ మీద వంతెన దాటి నేరుగా పోయారు."

"కొంచెం మట్టి కోబా! కొంచెం అంటే కొంచెమే! ఎంతని పడుతుంది?"

"చక్రానికి అంటినంత చాలని ఇప్పుడే ఎవరో అన్నారు."

"మా విత్తన దుంపలు... వాటిలో ఒక్క తుంగ గడ్డ దొరికినా ఇక ఎవడు కొంటాడు? బేరెంద్‌కి అదొక్కటే ఆధారం. పెళ్ళి పెట్టుకున్నాడు వాడు!"

"తెలుసు. కార్డు వచ్చింది. బాగుంది పిల్ల."

"నేను ఫోన్ చేసి కుక్క పొరబడిందని చెప్తా. నేనే పొరబడ్డానని చెప్తా."

"చెప్పు. అయినా వస్తారు. యంత్రం పోయిన దారంతా నడుస్తారు. ఇప్పుడేం కనబడకపోవచ్చు, వచ్చే జూన్‌కి కనబడుతుంది. ఏటా వచ్చి చూస్తారట."

"నీకెలా తెలుసు? గడ్డి అనుకున్నానన్నావుగా?"

"అనుకున్నానన్నా. అనుకున్నానా?"

"నువ్వు చూశావు. ముందే చూశావు! చూసి దాచావు, అదీ నేరమే, తెలుసా?"

"చూసింది నువ్వు. ఫోన్ చేసింది నువ్వు. నీ పేరే రాసుకున్నారు."

"నీ పొలం కూడా పోయిందిగా పిచ్చిదానా! ఇద్దరం మునిగాం!"

"నా పొలంలో ఇక గడ్డే వేస్తాను. గడ్డికి నిషేధం లేదు. అవతలి ఊరి పాలవాళ్ళతో మాట్లాడా, వసంతానికి ఆవులు వస్తాయి. కొత్త గేటు కూడా పెట్టించాను, కాలవ పక్క మూలలో. చూడలేదా?"

"ఎందుకిలా చేశావు? నేను నీకేం చేశా? నీ దుంపలు తవ్వా. ఎగ్బెర్ట్ శవపెట్టె మోశా, ఈ భుజం మీద!"

"మోశావు. నేను వెనకాలే నడిచాను. నీ ముందు మోసేవాడితో ఏమన్నావో గుర్తుందా?"

"ఏమన్నా? ఏమీ అనలేదు."

"'ఆ మూల మనకొస్తే సరిహద్దు తిన్నగా అవుతుంది' అన్నావు. నా మొగుడు నీ భుజం మీద ఉండగా అన్నావు. నా పక్కన మా అక్క ఉంది, తనూ విన్నది. స్మశానం దాకా నడిచి, మీకందరికీ కాఫీ పోసి, కేకు కోసి పెట్టాను."

"ఊరికే... నడుస్తూ నోటికొచ్చిన మాట అది."

"ఉండొచ్చు."

"మరి మొన్న తవ్వేరోజు నువ్వే అన్నావుగా! యంత్రం తెచ్చినప్పుడు గేటు దగ్గరికొచ్చి అన్నావు, 'ఆ మూలనుంచి మొదలుపెట్టొద్దు, నీ పొలం అయ్యాక ఆఖర్న తవ్వు' అని. బేరెంద్ కూడా విన్నాడు."

"అన్నాను."

"నేనే వినలేదు. ఆడదానివి, బయటినుంచి వచ్చి నాకు నేర్పుతావా అన్నా. నవ్వా కూడా."

"నవ్వావు. అక్కణ్ణుంచే మొదలుపెట్టావు."

"కారణం చెప్పాల్సింది కోబా! తుంగ ఉందని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆగేవాణ్ణి. దేవుడి మీద ఒట్టు, ఆగేవాణ్ణి."

"తెలుసు. అందుకే కారణం చెప్పలేదు."

"అంటే... వద్దని చెప్పావుగా మరి? ముందే వద్దని చెప్పావుగా?"

"ముప్పయ్యేళ్ళ నుంచి నేను వద్దన్న ప్రతిదీ చేశావు రూలోఫ్. నువ్వు అక్కడే మొదలుపెట్టాలనే, వద్దన్నాను."