టర్బో ఉండగా రైలెందుకు

“ఇప్పుడు మనల్ని దాటెల్లినదేటి, బావా?”

“లారీ.”

“ఏం లారీ?”

“కొబ్బరికాయల లారీ. కవిటి తోటల్దై ఉంటాది.”

“లోడుతో ఉన్నాదా, ఖాళీదా?”

“లోడుతోనే. ఎందుకు?”

“ఎందుకూ నేదు. ఊరికే అడిగినాను.”

రాజేంద్ర ఆ మాట విననట్టు స్టీరింగు మీదికి ఇంకాస్త వంగాడు. పలాస కరెంటాఫీసులో గుమస్తా అతను. నడుపుతున్నది మాత్రం ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. జగదీశ్వరరావు అనే జీడిపప్పు వ్యాపారి మోజుపడి కొని, మోజు తీరాక ఫ్యాక్టరీ షెడ్డులో పడేశాడు. సీట్లలో కోళ్ళు గుడ్లు పొదుగుతున్న రోజుల్లో రాజేంద్ర దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు నెలల కిందట మద్రాసు నుంచి టర్బో కిట్టు తెప్పించి, కాశీబుగ్గ మెకానిక్కు ఢిల్లీరావు చేత బిగింపించాడు. అప్పటి నుంచీ కారు కదిలితే చాలు, సన్నగా ఒక ఈల. ఆ ఈల వినగానే వీధిలో కుక్కలు లేచి, ఎటు పరిగెత్తాలో తోచక మళ్ళీ పడుకునేవి.

పక్క సీట్లో అతని భార్య ఇందు. స్వయానా మేనమామ కూతురే. ఒళ్ళో సర్టిఫికెట్ల సంచి పెట్టుకుని కూర్చుంది. ఆవేళ శ్రీకాకుళంలో టీచరు పోస్టుల కౌన్సెలింగు. పదకొండింటికల్లా అక్కడుండాలి. పేరు పిలిచినప్పుడు ఎదురుగా ఉంటే కావలసిన బడి కోరుకోవచ్చు. లేకపోతే అందరూ వద్దనుకున్నదేదో, కొండల మీద బస్సు కూడా ఎక్కని ఊరు, నెత్తిన పడుతుంది. ఇందు వజ్రపుకొత్తూరు బడి మీద మనసు పెట్టుకుంది. పొద్దున్నే పాసింజరు రైలుకి పోతానని ఆమె సిద్ధమైతే, ఇంట్లో టర్బో ఉండగా రైలెందుకని నవ్వి, ఆ రైలును వదిలేయించినవాడు రాజేంద్రే.

“ఎంత మీద ఎల్తన్నాం, బావా?”

“మీటరు సూడకు. కళ్ళు తిరుగుతాయి.”

“నలభై.”

“అది పాత మీటరు. టర్బో సంగతి దానికేటి తెలుసు.”

“లారీవోడికి తెలిసినట్టున్నాది.”

“ఒలే, అసలు టర్బో అంటే ఏటనుకున్నావు? పొగ బయటికి ఎల్లిపోతాది కదా. ఎల్లిపోతూ ఒక సక్రాన్ని తిప్పుతాది. ఆ సక్రం గాలిని దోసి ఇంజను నోట్లో కుక్కుతాది. సంటిపిల్లకి మీ అమ్మ గంజి పోసినట్టు.”

“కుక్కిందా మరి?”

“ఏటి?”

“గాలి.”

“ఈల వినబడ్డం నేదా?”

“నాను సదివిన బడిలో డ్రిల్లు మాస్టారు కూడా ఏసేవోడు. ఆయనెప్పుడూ పరిగెత్తనేదు.”

నవ్వొచ్చే మాటే గానీ, అన్న మనిషికి నవ్వు రాలేదు. ఆ కారు ఎందుకు పరిగెత్తడం లేదో ఇందుకి బాగా తెలుసు.

కిట్టు బిగించిన వారంలోనే రాజేంద్ర ఆఫీసు ముందు టీ బడ్డీ దగ్గర చెప్పడం మొదలుపెట్టాడు. ఇక మీదట శ్రీకాకుళం అరగంటట. ఇచ్ఛాపురమైతే టీ చల్లారేలోగా పోయి రావచ్చట. ఆఫీసులో వాళ్ళు విని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తల్లి కాంతమ్మ విని ఆవులించింది. ఆ మాటని నిజంగా నమ్మిన మనిషి లోకంలో ఇందు ఒక్కతే. నమ్మి, రెండు రాత్రులు నిద్ర మానుకుంది. మూడోనాడు తిన్నగా ఢిల్లీరావు దగ్గరికి పోయి, ఈ కారు ఈల వెయ్యాలి గానీ పరిగెత్తకూడదని చెప్పింది. ఢిల్లీరావు తల గోక్కున్నాడు. తర్వాత గాలి గొట్టానికి ఒక చిన్న కుళాయి పెట్టి, దాన్ని ఎడమ సీటు ముందు మ్యాట్ కింద దాచాడు. బిగిస్తే గాలి ఇంజనుకి అందకుండా బయటికి పోతుంది. ఈలకి లోటుండదు.

పనిలో పనిగా ఆమె ఢిల్లీరావు దగ్గర డ్రైవింగు కూడా నేర్చుకుంది. కారు మీద దుమ్ము పడుతుందని రాజేంద్ర ఆఫీసుకి స్కూటరు మీదే పోతాడు. మధ్యాహ్నాలు కారు ఇంట్లో ఖాళీగానే ఉండేది.

మొగుడి ప్రాణానికి వేసుకున్న ఆ కాపలాయే ఇప్పుడు తన ఉద్యోగం కాళ్ళకి అడ్డంపడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

“ఇంకొంచెం తొక్కరాదా, బావా?”

“తొక్కేను.”

“ఎంతవరకు తొక్కేవు?”

“ఎంతవరకంటే ఏటి సెప్తాం? ఇంజను ఇంకా ఏడెక్కాల.”

“పలాస నుంచీ ఏడెక్కుతానే ఉన్నాది.”

“టర్బో ఇంజను నెమ్మదిగా ఏడెక్కుతాది. పెద్దోళ్ళకి కోపమొచ్చినట్టు.”

“అదిగో, ఆటో.”

“సూసాను.”

“మనల్ని దాటెల్లిపోయింది.”

“సూసానన్నాను కదా.”

“ఎనక సీట్లో మేక కూడా ఉన్నాది.”

“ఇందూ, నువ్వు కాసేపు కళ్ళు మూసుకుని కూకో. నీకు టెన్షనుగా ఉన్నాది.”

రోడ్డంతా పనిలో ఉంది. రెండు వరసల రోడ్డుని నాలుగు వరసలు చేస్తున్నారు. మైలుకోచోట తారు డ్రమ్ములు అడ్డం పెట్టి, బళ్ళని పొలాల్లోకి దింపి మళ్ళీ ఎక్కిస్తున్నారు. ప్రతి డ్రమ్ము దగ్గరా రాజేంద్ర ఆగి, వెనక వచ్చేవాళ్ళందరికీ చేత్తో దారి చూపించి పంపి, ఆ తర్వాత కదులుతున్నాడు. టెక్కలి చేరేసరికి పదింపావు.

“పాసింజరు ఈపాటికి శ్రీకాకుళం పక్కన ఆమదాలవలసలో దింపేసి ఉండేది.”

“రైల్లో మనిషికి మర్యాద ఉంటాదేటి?”

“మర్యాద ఒద్దు బావా. నాకు ఉద్యోగం కావాల.”

ఆ మాట విని రాజేంద్ర పెదాలు తడుపుకున్నాడు.

టెక్కలి దాటాక రోడ్డు కాస్త సాఫుగా కనబడింది. ఇందు చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, మ్యాట్ కింద చెయ్యి పెట్టింది. కుళాయి తను అనుకున్నదాని కంటే బిగుతుగా ఉంది. తిప్పుతుంటే ఇంకా ఇంకా, అయిదు చుట్ల దాకా తిరుగుతూనే ఉంది. చివరికి వదులైందని తెలిసేసరికి కారు వల తెంపుకున్న సొరచేపలా ముందుకి ఎగిరింది. ఆమె వీపు సీటుకి అతుక్కుపోయింది. సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది. రాజేంద్ర గొంతులోంచి కూతకీ కేకకీ మధ్య ఏదో వచ్చింది. మరుక్షణం బ్రేకు మీద నిలబడ్డట్టు తొక్కాడు. కారు ఒక పక్కకి ఒరిగి, రోడ్డు దిగి, గట్టు మీద ఆగింది.

“ఏటయినాది, బావా?”

“గొయ్యి.”

“గొయ్యేదీ కనబడనేదే.”

“దాటేసినాం కదా. ఇంకేటి కనబడతాది.”

“మరి పోనీ.”

“పోనిత్తాను. ఒక్క నిమిసం. ఇంజను ఊపిరి తీసుకోవాల.”

“ఇంజనా, నువ్వా?”

రాజేంద్ర స్టీరింగుని రెండు చేతులతో వదలకుండా పట్టుకునే ఉన్నాడు. నుదుటి మీది చెమట అతని ముక్కు దాకా వచ్చి అక్కడ వేలాడుతోంది. ఇందు అతన్ని చూసింది. ముందు ఒళ్ళు మండింది. రెండు రాత్రులు తన నిద్ర పోగొట్టిన వీరుడు ఇతనా అనిపించింది. ఆ తర్వాత, చిన్నప్పుడు అక్కుపల్లి ఒడ్డున తండ్రి తవిటయ్య పడవెక్కమంటే ఈ మేనల్లుడు చెవినొప్పని చెప్పి ఇసకలో కూర్చోవడం గుర్తొచ్చి, పాపం అనిపించింది. అప్పుడు టైము గుర్తొచ్చింది.

“దిగు, బావా.”

“ఎందుకు?”

“నువ్విటు కూకో. నాను నడుపుతాను.”

“నీకు రాదు.”

“వచ్చు.”

“ఎవుడు నేర్పినాడు?”

“ఢిల్లీరావు.”

“ఎప్పుడు?”

“నువ్వు ఆఫీసులో ఫైళ్ళు నడుపుతున్నప్పుడు.”

“నాకు సెప్పనేదేం?”

“నువ్వు అడగనేదు. దిగు, టైమైపోతన్నాది.”

వాదన జరుగుతుందని ఆమె సిద్ధపడింది. రోడ్డు మీద పెళ్ళాం చేతికి తాళాలిచ్చి పక్కన కూర్చోవడానికి పలాసలో ఏ మగవాడూ అంత తేలిగ్గా ఒప్పుకోడు. రాజేంద్ర మాత్రం మారుమాట లేకుండా దిగి, ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అంత తొందరగా దిగడమే ఆమెకి ఆశ్చర్యంగా అనిపించింది.

ఇందు చీర కుచ్చిళ్ళు పైకి దోపి, గేరు వేసింది.

మొదటి క్షణం ఆమెకి పడవ ముక్కు కెరటం ఎక్కి దిగినట్టు అనిపించింది. భయమో సంతోషమో ఆమె తేల్చుకునేలోగా మేక ఉన్న ఆటో వచ్చింది, వెనక్కి పోయింది. కోటబొమ్మాళి దగ్గర కొబ్బరికాయల లారీ వచ్చింది. అదీ వెనక్కి పోయింది. లారీ క్లీనరు నడుము దాకా బయటికి వంగి చూశాడు. కారులో ఆడమనిషి నడుపుతుంటే మగమనిషి డ్యాష్‌బోర్డుని కౌగిలించుకుని ఉండడం అతను మళ్ళీ చూస్తాడో లేదో.

“గేదె, ఇందూ.”

“సూసాను.”

“ఇంకో గేదె.”

“దాన్నీ సూసాను.”

“డ్రమ్ములు, డ్రమ్ములు.”

“బావా, నీకు కనబడినవన్నీ నాకూ కనబడతన్నాయి.”

“ఎంత మీద ఎల్తన్నాం?”

“మీటరు సూడకు. కళ్ళు తిరుగుతాయి.”

నరసన్నపేట దాకా అతను అక్కుపల్లి గంగమ్మకి కోడిని మొక్కాడు. నరసన్నపేట దాటాక మేకకి పెంచాడు. శ్రీకాకుళం పొలిమేరలో ట్రాఫిక్కు అడ్డమొచ్చి కారు నెమ్మదించినప్పుడు, కోడితో సరిపెట్టుకోమని అమ్మవారిని బతిమాలుకోవడం ఇందు చెవిన పడింది.

కౌన్సెలింగు హాలు గుమ్మంలో ఆమె అడుగు పెట్టేసరికి పేరు రెండోసారి పిలుస్తున్నారు. జుట్టంతా రేగిపోయి, మొహం నిండా ఎర్రదుమ్ముతో వచ్చిన మనిషిని చూసి, ఏ బస్సుకి వచ్చావమ్మా అని అధికారి అడిగాడు. ఆమె చెప్పలేదు. వజ్రపుకొత్తూరు అప్పటికే ఆమె కంటే ముందు ర్యాంకు మనిషికి పోయింది. ఆ మాట వినగానే ఇందు సర్టిఫికెట్లు మళ్ళీ సంచిలో పెట్టబోయింది. అధికారి వేలితో జాబితా వెతికి, ఆ పక్కనే అక్కుపల్లి ఉంది, కావాలా అని అడిగాడు. పుట్టిన ఊరి బడి. అది ఖాళీగా ఉంటుందని ఆమె ఆశ కూడా పడలేదు.

బయటికి వచ్చేసరికి రాజేంద్ర కారుకి ఆనుకుని, రెండు చేతుల్లో రెండు నిమ్మసోడాలతో నిలబడి ఉన్నాడు. రంగు కొంచెం తిరిగొచ్చింది.

“దొరికిందా?”

“అక్కుపల్లే దొరికింది.”

“మీ నాన్న రేపటి నుంచి సముద్రానికి ఎల్లడు. బడి ముందే కూకుంటాడు.”

“కూకోనీ.”

“తాగు. సల్లగున్నాది.”

ఆమె సోడా అందుకుంది గానీ తాగలేదు. దారిలో అతను స్టీరింగుని పట్టుకుని కూర్చున్న తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఇంత మంచి కబురు చేతిలో పెట్టుకుని, కడుపులో ఆ దొంగతనం ఉంచుకోవడం ఆమె వల్ల కాలేదు.

“బావా, నీకొక మాట సెప్పాల.”

“సెప్పు.”

“కోప్పడవు కదా?”

“ఇప్పుడు కోప్పడే ఓపికేదీ? నా కాళ్ళింకా కోటబొమ్మాళి దగ్గరే ఉన్నాయి.”

“ఎడమ సీటు ముందు, మ్యాట్ కింద ఒక కుళాయి ఉన్నాది. నీ టర్బోకి కళ్ళెం అది. జోరుగా పోయి నువ్వు ఎక్కడ సచ్చిపోతావో అని నానే ఢిల్లీరావు సేత పెట్టించినాను. ఈ రెండు నెలలూ బిగించే ఉంచినాను.”

రాజేంద్ర సోడా సీసాలో గోలీని కాసేపు అటూ ఇటూ దొర్లించాడు.

“ఎన్ని సుట్లు బిగించమన్నావు?”

“రెండు.”

“రెండేనా?”

“రెండే. అంతకు మించి ఒద్దన్నాడు ఢిల్లీరావు. ఇయాల సూత్తే అయిదు సుట్లు తిప్పితే గానీ విప్పుకోనేదు. తుప్పట్టిందో ఏటో.”

అతను మిగిలిన సోడా ఒక్క గుక్కలో తాగి, సీసా బండివాడికిచ్చాడు. తాళాలు అడగలేదు. ఎడమ వైపుకి నడిచి వెళ్ళి, తలుపు తెరిచి, సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

“మిగతా మూడూ నాను బిగించినవే, ఇందూ. పద.”