ప్రేమమణి డాక్టరమ్మ అడిగే తీరు

సుమిత్రా, నీ బిడ్డ నిండు నెలలకే పుట్టిందని ఆస్పత్రి ఫారంల రాయించింది ఎవరు, నువ్వా, మీ అత్తమ్మనా? తల దించుకోకు. రేపు పొద్దుగాల రెండు నెల్ల పసిదానికి హెర్నియా ఆపరేషన్ పెట్టుకొని అబద్ధం రాయిస్తరా! నాకు తెల్సు, మీ అత్తమ్మ కల్పలతనే అని ఉంటది: "ఏడో నెల పిల్ల బతుకుతది, ఎనిమిదో నెల పిల్ల బతకదంటరు, ఆ మాట నోట్లకెల్లి రానియ్యకు" అని. పుట్టినప్పటి కాయితాలు సుత బీరువాల దాచిందట గద. మా ప్రేమమణి డాక్టరమ్మ ఉంటేనా... నీకెట్ల తెలుస్తదిలే, ఆమె పోయి ముప్పై ఏండ్లాయె. మత్తు డాక్టర్. థియేటర్ నర్సుగ పదిహేనేండ్లు ఆమె పక్కన నిలబడ్డ. మనిషి ఇంతే ఉండేది, పీట ఎక్కితే గాని టేబుల్ అందకపోయేది, గొంతు మాత్రం మౌలాలి గుట్ట దాకా. ఎరిక్ అని కొత్త సర్జన్ వచ్చిండు. "పసిదే గద మేడం, జెరంత మందు ఇచ్చెయ్యుండ్రి" అన్నడు. "జెరంత అంటే ఎంత నాయనా, పప్పుల ఉప్పా?" అని అందరి ముంగట కడిగేసింది. "పసిపిల్ల అంటే కురచ చేసిన పెద్ద మనిషి కాదు. దాని కార్జం ఇంకా పని నేర్వలే, మందు ఒంట్లకెల్లి జల్ది పోదు. మూణ్నెల్ల పిల్లకు మత్తు గ్యాస్ మనకంటే చిక్కగ కావాలె, నిన్న పుట్టినదానికి అంత వద్దు. ఊపిరి ఆగితే మనం జెరసేపు ఓర్చుకుంటం, అది ఓర్వలేదు" అన్నది. పాపం ఎరిక్, ఆ రోజు చాయ్ సుత తాగలే. ఆఁ, ఏం చెప్తున్న? లచ్చమ్మ. బోయిన్‌పల్లి మార్కెట్ల టమాటలు అమ్మేది, పసి మనుమణ్ణి ఆపరేషన్‌కు తెచ్చింది. "నిండు నెలలే డాక్టరమ్మా, మైసమ్మ తోడు" అని ఒట్టేసింది. ఆపరేషన్ మంచిగైంది, పిలగాడు లేచిండు, పాలు తాగిండు. మధ్యాహ్నం ఇంటికి పంపుదామని నేను అంగీ తొడుగుతున్న, నా చేతులల్లనే ఊపిరి ఆపిండు. ఏడ్వలే, తన్నుకోలే. ఊకె... మర్చిపోయినట్టు. పెదాలు నేరేడు పండు లెక్క. ప్రేమమణి ఉరికొచ్చి అరికాలు మీద కొట్టింది, మల్ల ఊపిరి తీసుకున్నడు. గంటకు మల్ల ఆపిండు. మర్నాటి దాకా ఆమె ఆ మంచం విడువలే. అప్పుడు ఏడ్చుకుంట చెప్పింది లచ్చమ్మ, ఎనిమిదో నెలల పుట్టిండని. నెలలు నిండని పిల్లల మెదడుకు ఊపిరి తియ్యమని చెప్పుడు ఇంకా పూర్తిగ రాదట, మత్తు దాన్ని ఇంకింత మరిపిస్తదట, లేచినంక గంటలకు సుత. పిలగాడు బతికిండులే, పెండ్లి గూడ అయిందని విన్న. ప్రేమమణి ఒక్క మాట తిట్టలే. ఆనాటికెల్లి "ఎన్ని నెలలు" అని అడుగుడు బంద్. తల్లిని ఒక్కదాన్నే పక్కకు పిలిచి, "పుట్టినంక ఇంక్యుబేటర్ గాజు పెట్టెల ఎన్ని రోజులు పెట్టిన్రమ్మా?" అనేది. రోజులు చెప్పనీకె ఎవరికీ భయం లేదు గద! రేపటి డాక్టర్ గట్ల అడుగుతడో లేదో. పద్దెనిమిది రోజులు నీ బిడ్డ గాజు పెట్టెల ఉంటే, పద్మారావు నగర్ నుంచి టిఫిన్ డబ్బా మోసింది ఈ మార్త ఆంటీ కాదా? చెప్తే ఇంకొన్ని వారాలు ఆగుమంటరో, రాత్రంత ఊపిరి చూసే మిషన్ తగిలించి కనిపెట్టుకొని ఉంటరో, వాళ్ల ఇష్టం. తెలిస్తే గద చేసేది! ఏందీ, అత్తమ్మ కోపగిస్తదా? కోపగించనీ. కల్పలతతోని నేను మాట్లాడ్త. బిడ్డను ఇటియ్యి. ఆ మత్తు డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ కలుపు, నా ముంగటనే చెప్పు.