సారు చెవుల పేరు

"నిస్సార్ భాయ్, ఆ టీవీ సప్పుడు జర తగ్గియ్యి. ఎంపీ భూపతి సారు దినాలు గూడ కాలె, అప్పుడే సీటు ఖాళీ, ఎలక్షన్ ఎప్పుడని ఒకటే లొల్లి. టికెట్ మళ్ల ఎనబై దాటినాయనకే ఇస్తరట. ఇయ్యనీ తియ్! ఎవలకిచ్చినా ఎనుక ఈ పర్శరాములు లేకపోతే ఏం లాభం? నవ్వకు దుర్గయ్యా. నువ్వు కల్లు దింపుతవ్, నేను సారు చెవుల పేర్లు దింపిన.

సారుకు యాది తప్పుతుండె గదా, పెద్ద పానమాయె. అయినా పెండ్లిలకు పోవాలె, దినాలకు పోవాలె, కనవడ్డోన్నల్ల పేరు పెట్టి పిలువాలె. పిలిస్తెనే ఓటు. అందుకే నేను ఎనుకనే నిలబడి, 'సారూ, ఎదురంగ వస్తున్నది చిన్నకోడూరు వీరయ్య, బిడ్డకు కాన్పయింది' అని మెల్లగ అంటుంటి. సారు గట్టిగ, 'ఏం వీరయ్యా, మనుమడా మనుమరాలా?' అంటుండె. ఇగ వీరయ్య కండ్లల్ల నీళ్లు! ఇంత పెద్దమనిషి నన్ను యాదుంచుకున్నడని ఊరంత చెప్పుకున్నడు."

"గంత వరకు నిజమే," అన్నడు దుర్గయ్య. "మా బాపు దినాలల్ల నన్ను గూడ గట్లనే పిలిచిండు."

"పిలిచింది సారు కాదే, నేను! తొగుట, దౌల్తాబాద్, ఏ ఊరన్న చెప్పు, మనుషులే కాదు బర్రెల పేర్లు సుత నాకు నోటికున్నయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సారు నన్ను ఢిల్లీకి తోలుకపోయిండు. ఆడ పార్లమెంటుల గూసున్నోళ్లల్ల సగం మంది ముసలోళ్లే, ఒకలకొకలు యాదికి లేరు. ఎదురు పార్టీ ఆయనొకడు లేసి తిట్టుడు మొదలువెట్టి నడుమల ఆగిండు. ఎవల్ని తిడుతున్నడో మర్శిండు! నేను ఉరికిపోయి ఆయన చెవుల గూడ చెప్పిన. పాపం, తిట్టుడు పూర్తి చేసుకొని గూసున్నడు. ఇగ జూడు, పర్శరాములూ ఇటు రా, పర్శరాములూ అటు రా అని అన్ని పార్టీలోళ్లు ఒకటే పిలుసుడు!"

"అరే, లోపలికి నిన్ను ఎవలు పోనిచ్చిన్రే?" గలాసలు కడుక్కుంటనే అడిగిండు చాయ హోటల్ నిస్సార్.

"గేటుకాడి జవానును పేరు పెట్టి పిలిచిన, తలుపు తీసిండు. అది కాదు, అసలుది ఇను. నిరుడు సారు దవాఖానల పడ్డప్పుడు యముడు వచ్చిండు. దున్నపోతును లిఫ్టుకాడ కట్టేసి, పాశం భుజానేసుకొని సక్కగ మంచంకాడికే వచ్చిండు. డాక్టర్లు పరార్! నేను వంగి, 'సారూ, వచ్చింది యమధర్మరాజు, దున్నపోతు పేరు మల్లిగాడు, మొన్నటి సంది మేత ముడుతలేదు' అన్న. సారు లేసి గూసొని, 'ఏం యమరాజా, మన మల్లిగాడు మేత తింటుండా?' అన్నడు. యముడు బొలబొల ఏడ్సిండు! 'యుగాల సంది తిరుగుతున్న, నన్ను జూసి వణికినోళ్లే గని నా దున్నపోతు సంగతి అడిగినోడు లేడు' అని సారు కాళ్లు మొక్కి అటే పోయిండు. పోతపోత నా దిక్కు జూసి, 'పర్శరాములూ, పైలం' అన్నడు."

దుర్గయ్యకు చాయ పొలమారింది. నిస్సార్ మాత్రం నవ్వలే. చేతులు తుడుసుకుంట వచ్చి పక్కన గూసున్నడు.

"యముడు సుత నిన్ను పేరు పెట్టి పిలిచిండు, మంచిదే. మరి భూపతి సారు ఏమని పిలుస్తుండెనే?"

పర్శరాములు తన చాయ గలాస దగ్గరికి గుంజుకున్నడు.

"'ఏయ్... ఎవలున్నరు ఆడ' అంటుండె," అన్నడు. "నేను ఉరుకుతుంటి. అందరి పేర్లు నేను చెప్తి, నా పేరు చెప్పెటోడు ఎవలుండె భాయ్? పొద్దుగాల కారెక్కంగనే అనుకుంటుంటి, ఇయ్యాల పిలుస్తడేమో అని."

"నువ్వే చెప్పకపోయినవ్?" అన్నడు దుర్గయ్య.

"చెప్తే పిలుస్తుండె. చెప్పకుంట పిలువాలె అనుండె నాకు."

చాయ మీద మీగడ కట్టింది. వేలుతోని పక్కకు నెట్టిండు గని తాగలే.

"మొన్న సారును అద్దాల పెట్టెల పండవెట్టిన్రు గదా, లైన్ల నిలవడి పోయిన. దండేసినట్టు వంగి, చెవు దిక్కు మూతి పెట్టి, 'సారూ, నేను పర్శరాములును' అని చెప్పిన. ఎనుకున్నోళ్లు జరుగు జరుగు అంటే ఇవతలికి వచ్చిన."