యుద్ధమని సమ్మె ఆపిన్రు

"అమ్మమ్మా, పాకిస్తాన్‌తోని యుద్ధమైనప్పుడు మన ఖనిల ఎట్లుండె?"

ఎట్లుండుడేంది బిడ్డా... చీకటి. పొద్దుగూకితె లైట్లు బందు పెట్టిచ్చిన్రు. గీడికి విమానాలెందుకు అస్తయని మీ తాత నవ్వేటోడు. దీపాలకు గాసునూనె దొరకక నేను, మా తోటికోడలు... కాదు కాదు, గప్పటికి దాని పెండ్లి కాలె, మా ఆడిబిడ్డె... పొద్దుగాలనే పొయ్యి లైన్ల నిలబడేది. గా ముచ్చట ఇడిసిపెట్టు.

మీ తాత బొగ్గుబాయిల పనిజేసేటోడు. మా తమ్ముడు మల్లేశం సుత గదే బాయి. లోపల బొగ్గు తీసినకాడ పైకప్పు కూలకుంట కట్టెలు నిలబెడ్తరు గదా, గా కట్టెలు సరిపోతలెవ్వు. ఇయ్యకుంటె సమ్మె జేస్తమని అందరనుకున్నరు. అగో, గప్పుడే లడాయి మొదలైంది. సమ్మెలు బందన్నది ఢిల్లీ సర్కారు. మొన్నటిదాంక సర్కారును తిట్టిన లీడర్లు సుత "దేశానికి బొగ్గు గావాలె, బాయిల దిగున్రి" అనవట్టిరి. అన్ని పార్టీల జెండాలు ఒక్కటైనయి.

మీ తాత ఊకోలె. అందరి ముంగట పెద్ద లీడరును అడిగిండు. "కట్టెలడుగుడు తప్పా సారూ?"

"ఆడ జవాన్లు పానాలిస్తుంటె నీకు కట్టెలు గావాల్నా?" అన్నడు సారు.

తెల్లారి పోలీసులచ్చి మీ తాతను తీస్కపోయిన్రు. కేసు లేదు, కోర్టు లేదు. ఎందుకంటె యుద్ధకాలమన్నరు.

మల్లేశాన్ని పోవద్దంటి. "పోకుంటె నన్ను సుత పట్టుకపోతరక్కా, ఇంట్ల మొగదిక్కు ఉండద్దా?" అని డ్యూటీకి పోయిండు. కప్పు కూలింది బిడ్డా... వాని మొకం సుత నాకు సూపియ్యలె.

పాడె లేపిననాడే లడాయి గెలిచినమని రేడియోల చెప్పిన్రు. చౌరస్తకాడ డప్పులు, గులాలు. ఊరేగింపు పొయ్యేదాంక పాడెను పక్కకు ఆపిన్రు. ఎవలో ఒకాయన, పాపం ఆయనకేం తెల్సు, సంబురంల నా చేతిల లడ్డు పెట్టిండు. ఏంజెయ్యాల్నో తెల్వక గట్లనే పట్టుకొని నిలబడ్డ.

మీ తాతను ఎండకాలంల ఇడిసిపెట్టిన్రు. గప్పటికి ఓట్లు సుత అయిపోయినయి. సర్కారోల్లు లడాయి పేరు చెప్పుకునే గెలిచిన్రు. మల్లేశం సంగతి చెప్తె మీ తాత, "జైల్ల ఉన్న గావట్టి నేను బతికిన గదనే" అన్నడు. గంతే. మల్ల ఏ మీటింగుకు పోలె, ఓటెయ్యలె. కట్టెలా? అచ్చినయి, అటెనుక. అస్తె ఏంది...

నువ్వు సల్లగుండు బిడ్డా. గసొంటి కాలం నీకు రావద్దు. అస్తె మాత్రం... జెండాలన్ని ఒక్కటైనంక ఎవలను అడుగుతవో ఏమో...